అవలాంచి దారిలో ఒక ముడి

2023 సెప్టెంబరులో నేను రాసిన చెక్కు ఒకటి వెనక్కి వచ్చింది. ఖాతాలో డబ్బు లేక కాదు, సంతకం సరిపోలలేదని. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పని చేస్తున్నవాడి చెక్కును ఆ బ్యాంకే చూసి, ఇది నీ సంతకం కాదు పొమ్మంది. పైగా వాపసు చార్జీ కూడా నా ఖాతాలోంచే కోసుకుంది. అది ఇంటాయనకు అద్దె కింద ఇచ్చిన చెక్కు. ఆయన మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనలేదు. మా ఆవిడ మాత్రం రెండు రోజులపాటు నవ్వుతూనే ఉంది.

తప్పు బ్యాంకుది కాదు, ఊటీ మెట్లది. ఆ కొండ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళాలన్నా పాతిక మెట్లు ఎక్కడమో దిగడమో తప్పదు. ఆగస్టు వానల్లో నాచు పట్టిన మెట్టు మీద కాలు జారి కుడిచెయ్యి ఆన్చి పడ్డాను. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక వేళ్ళు కదిలాయిగాని మణికట్టు తిరగలేదు. అరచెయ్యి పైకి తిప్పి గుళ్ళో తీర్థం పట్టుకోలేను. పూర్తిగా బోర్లించి కాగితం మీద ఆన్చలేను. అలాంటి చేత్తో పెట్టిన సంతకం ఎలా ఉంటుంది? నేను చూసినా పాస్ చేసి ఉండేవాణ్ణి కాదు.

వ్యాయామం నేర్పిన అమ్మాయి కర్ర పట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పమంది. దానితోపాటు, "వేళ్ళతో చేసే సన్న పని ఏదైనా పెట్టుకోండి సార్, రోజూ అరగంట" అంది. నాకు తెలిసిన సన్న పని నోట్లు లెక్కపెట్టడం ఒక్కటే. అదీ ఇప్పుడు యంత్రమే చేస్తోంది.

సన్న పని దొరికింది మా కింది మెట్ల ఇంట్లో. ఆ ఇంటి పెద్దాయన బడగ కులస్థుడు, ఎనభై దాటినవాడు, టీ ఎస్టేట్‌లో జీవితమంతా పని చేసి రిటైరైనవాడు. నేను ఊటీ బ్రాంచికి వచ్చిన కొత్తలో, 2022లో, ఆయన్ను మొదటిసారి చూసింది మా కౌంటరు దగ్గర. డబ్బు తీసుకునే ఫారం మీద ఆయన చెయ్యి వణికింది. సంతకం సరిపోలేదని గుమాస్తా నా దగ్గరకు పంపాడు. నేను మూడుసార్లు పెట్టించాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. చివరికి వేలిముద్ర వేయించి డబ్బిచ్చాం. ఆయన వేలికంటిన సిరాను చేతిరుమాలుతో తుడుచుకుంటూ ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. నిబంధన ప్రకారం నేను చేసిందాంట్లో తప్పేమీ లేదు. ఆ సాయంత్రానికి మరచిపోయాను కూడా.

నా చెక్కు వెనక్కి వచ్చిన వారానికి, కట్టు తీసిన చేతిని ఇంకో చేత్తో మోసుకుంటూ ఆయన వాకిట్లోంచి వెళుతుంటే పిలిచాడు. "మేనేజర్ సార్, టీ తాగి వెళ్ళండి." లోపల కిటికీ పక్కన చిన్న బల్ల. బల్ల అంచుకు బిగించిన ఇనుప వైస్. దాని నోట్లో వేరుశనగ గింజంత గాలం. మూడుసార్లు సంతకం తప్పిన ఆ వేళ్ళే ఆ గాలానికి నెమలి ఈక పోగులు చుడుతున్నాయి. వణుకన్నదే లేదు!

అదెలాగని అడిగాను. "చూడండి, చెయ్యి గాలిలో లేదు కదా" అన్నాడు. నిజమే. అరచేతి మడమ వైస్ మెడ మీద ఆనుకుని ఉంది. ఆనుకోవడానికి చోటుంటే ఆ చెయ్యి వణకదు. మా కౌంటరు దగ్గర ఆయన నిలబడి, జారే గాజు పలక మీద సంతకం పెట్టాడు. నాకు టీ గొంతు దిగలేదు.

ఊటీ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి సినిమా పాటలు, పడవల చెరువు, బొటానికల్ గార్డెన్, పొగ బండి. ఊటీకి చేపతో సంబంధం ఉందని సేలంలో పుట్టి పెరిగిన నాకే తెలియదు. (మాది మూడు తరాల కిందట సేలం చేరిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ.) నీలగిరి వాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంది. అది ఈ దేశపు చేప కాదు. ఇంగ్లండు వాగుల్లో గాలం వేసి పొద్దుపుచ్చడం అలవాటైన దొరలు, ఇక్కడి చలి చూసి, ఆ చేప కూడా ఉంటే బాగుండుననుకున్నారు. మన దేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్య వైద్యుడు 1860లలో ప్రయత్నించి విఫలమయ్యాడు. నాలుగు దశాబ్దాల తర్వాత మద్రాసు ప్రభుత్వం హెచ్.సి. విల్సన్ అనే నిపుణుణ్ణి పెట్టుకుంది. ఆయన 1907లో అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించే కేంద్రం కట్టించాడు. నిలదొక్కుకున్నది రెయిన్‌బో ట్రౌట్. దాని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున అమెరికా. నీళ్ళు ఇరవై డిగ్రీలకు మించి వేడెక్కితే దానికి ఇబ్బంది. అందుకే మేట్టుపాళయంలో బతకలేనిది అవలాంచిలో బతికింది.

ఈ చేపకు వానపామును ఎర వేసినా పడుతుందట. కాని ఆ పని తక్కువరకంగా చూస్తారు. నీటి మీద వాలే ఈగలను పోలిన బొమ్మను ఈకలతో, దారంతో గాలానికి కట్టి, దాన్ని నిజమైన ఈగలా వాల్చి చేపను భ్రమింపజేయాలి. అదే ఈ ఆటలో ఘనత. కొత్తదేమీ కాదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు తగిలించి చేపలు పట్టేవారని రాశాడు. కోడిపుంజు మెడ ఈక అప్పుడూ ఇప్పుడూ ముఖ్యమే. గోదావరి జిల్లాల్లో పందెపు పుంజుకు ఈకల రంగును బట్టి కాకి, డేగ, సేతు అని పేర్లు పెడతారు కదా. ఈగలు కట్టేవాళ్ళకూ అలాంటి పట్టిక ఉంది. నలుపు తెలుపు చారలుంటే గ్రిజ్లీ, తెల్ల ఈకకు నడుమ నలుపుంటే బ్యాడ్జర్, గోధుమ ఈకకు నడుమ నలుపుంటే ఫర్నెస్. మా పెద్దాయనకు భీమవరం సంగతి చెబితే ఎంతో సంతోషించి, "అయితే అక్కడ మెడ ఈకలు బాగా దొరుకుతాయన్నమాట" అన్నాడు.

ఇక్కడో విషయం చెప్పాలి. నీలగిరి అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవికోడి మెడ ఈకల మీద, లక్క చుక్క పెట్టినట్టు మెరిసే మచ్చలుంటాయి. ఆ మచ్చల కోసం పందొమ్మిదో శతాబ్దంలో ఈ పక్షుల మెడలు ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్ళాయి. అక్కడి సాల్మన్ చేపల ఈగలకు అవి కన్నుల్లా అమర్చేవారు. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం ఆ పక్షిని కాపాడుతోంది. పెద్దాయన తన తోటలో రాలి దొరికిన ఈకను కూడా ముట్టుకోడు. ఆయన వాడేది కసాయి కొట్టు పుంజు ఈకలు, మురుగన్ గుడి ముందు అమ్మే నెమలి ఈక.

మేం శాకాహారులం. చేప తినని మనిషి చేపను మోసం చేసే బొమ్మలు కట్టడమేమిటని మా ఆవిడ అడిగింది. చెయ్యి బాగుపడటానికని చెప్పాను. "అయితే పూలు కట్టండి" అంది. ఆ మాట తర్వాత పనికొచ్చింది, చెబుతాను.

ఈగ కట్టడంలో మొదటి భాగం నాకు నాలుగు రోజుల్లో పట్టుబడింది. గాలాన్ని వైస్‌లో బిగిస్తారు, కన్ను కుడివైపుకు ఉండేలా. ఆ చిన్న రంధ్రాన్ని కన్నే అంటారు, సూది కన్నులాగే. గాలాలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది, వడ్డీ లెక్కలు చేసినవాడికి ఇది తలకిందుల వ్యవహారం. నేను మొదలుపెట్టింది పది నంబరుతో. సన్నని దారాన్ని బాబిన్ గొట్టంలోంచి లాగుతూ గాలం కాడ మీద వరసగా చుట్టుకుపోవాలి. నాలుగు నెమలి పోగులు కట్టి చుట్టితే పొట్ట. ముందు భాగంలో పుంజు ఈకను నిలువుగా చుట్టితే కాళ్ళు. బాబిన్ బరువుకు దారం బిగువుగా వేలాడుతుంది, కాబట్టి చెయ్యి వదిలేసినా ఏదీ ఊడదు. ఇంతవరకూ హాయి. ఇక కన్ను వెనుక తల దగ్గర దారం ముగించి తెంపాలి. కష్టమంతా అక్కడే.

మామూలు ముడి వేయడానికి రెండు కొసలు కావాలి. ఇక్కడ ఉన్నది ఒకటే కొస, అదీ బాబిన్‌కు తగులుకుని ఉంది. సులువైన దారి అర ముడి. దారంతో ఒక ఉచ్చు తిప్పి, కన్ను మీదుగా తలకు దింపి లాగడమే. దీనికి పెద్దాయన దగ్గరున్న పనిముట్టు ఏమిటో తెలుసా? రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ను ముందు ముక్క! దాని సన్నని మూతికి దారం ఒక చుట్టు చుట్టి, మూతి రంధ్రాన్ని గాలం కన్నుకు ఆన్చి, దారాన్ని జార్చితే ఉచ్చు నేరుగా తల మీదికి దిగుతుంది. ఇదే పనికి ఇత్తడిలో నునుపుగా చేసిన కడ్డీలు డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళున్నారు. కొనేటట్లయితే రంధ్రం గాలం కన్ను పట్టేంత ఉండాలి, అంచు నున్నగా ఉండాలి. అంతకు మించి చూడాల్సింది లేదు. మణికట్టు తిప్పే పని లేదు కాబట్టి నాకు అమృతంలా తోచింది. మూడు అర ముడులు వేసి, తెంపి, పన్నెండు ఈగలు కట్టి మురిసిపోయాను.

పెద్దాయన వాటిని చూసి ఏమీ అనలేదు. "ఆదివారం అవలాంచికి పోదాం" అన్నాడు.

2024 ఫిబ్రవరి. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉప్పు చల్లినట్టుంది. ఊటీ నుంచి అవలాంచి సుమారు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ముత్తొరై పాలాడ దగ్గర లోయంతా మెట్లు మెట్లుగా కారట్, బంగాళాదుంప పొలాలు. కారట్ కడిగే షెడ్ల దగ్గర లారీలు నిలిచి ఉంటాయి. మన కోయంబత్తూరు, చెన్నై వంటిళ్ళకు వచ్చే ఊటీ కారట్ ఇక్కడ స్నానం చేసి బయలుదేరుతుంది. ఎమరాల్డ్ దాటాక పొలాలు తగ్గి టీ తోటలు, అవీ తగ్గి షోలా అడవి మొదలవుతుంది. కొండల మడతల్లో మాత్రమే గుబురుగా పెరిగే అడవి అది. పైనంతా పచ్చిక. అక్కడక్కడ ఎర్రటి పూలతో రోడోడెండ్రాన్ చెట్లు. ఎక్కడో హిమాలయాల్లో ఉండాల్సిన చెట్టు ఇక్కడేం చేస్తోందని శాస్త్రజ్ఞులే తలపట్టుకున్నారట.

అవలాంచి అనే పేరు పందొమ్మిదో శతాబ్దపు మొదట్లో విరిగిపడ్డ కొండచరియ వల్ల వచ్చింది. పేరు ఊరికే పోలేదు. 2019 ఆగస్టులో ఇక్కడ ఒక్క రోజులోనే 80 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. మా సేలంలో ఏడాదంతా కురిసేది దాదాపు అంతే. చాలాచోట్ల చరియలు విరిగిపడ్డాయి. కొండ వాలున చీలిపోయిన ఒక ఎర్రటి చారను పెద్దాయన చూపించాడు. దానిమీద అప్పుడప్పుడే గడ్డి మొలుస్తోంది.

విల్సన్ కట్టించిన పొదుగు కేంద్రం మత్స్యశాఖ కింద ఉంది. సిమెంటు తొట్లలో వాగు నీరు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతూ ఉంటుంది. వేలెడు పిల్లలు వందల కొద్దీ, అన్నీ నీటికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడి ఉంటాయి. కదలకుండా ఉండటానికే అంత ఈదాలి పాపం. ఈ ప్రాంతం అడవి శాఖ నియమాల కింద ఉంది. సొంతంగా తిరగడానికి, గాలం వేయడానికి వీల్లేదు. వెళ్ళాలనుకునేవారు ముందుగా ఊటీలోనే అటవీశాఖ, మత్స్యశాఖ కార్యాలయాల్లో ఏది కుదురుతుందో అడిగి వెళ్ళడం మంచిది. ఆ రోజుకు కావలసిన చీటీ పెద్దాయన ముందే తెచ్చుకున్నాడు.

వాగు పెద్దదేమీ కాదు, మూడు బారల వెడల్పు. ఆయన నా ఈగల్లో ఒకటి తీసి కట్టుకున్నాడు. ఎనభై దాటిన చెయ్యి బెత్తం వెనక్కి తీసి ముందుకు వేస్తే దారం గాలిలో సాగి, చివర ఈగ ఏమాత్రం చప్పుడు లేకుండా నీటి మీద వాలింది. నేను పూజలో కూర్చున్నట్టు రాతి మీద కూర్చున్నాను. ఆరుసార్లు వేశాడు, ఏడుసార్లు వేశాడు. ఎనిమిదోసారి దాన్ని దగ్గరకు లాక్కుని నా అరచేతిలో పెట్టాడు. తల విడిపోయింది. పుంజు ఈక తోకలా వేలాడుతోంది. దారం జడ ఊడినట్టు పోగులు పోగులుగా ఉంది. చేప కరవనూలేదు. ఉత్త గాలికి, నీటికే ఆ గతి.

"మీ ఈగకు సంతకం సరిగా పడలేదు మేనేజర్ సార్" అన్నాడు.

ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో నేను అడగలేదు. ఆయన ముఖంలో నవ్వు తప్ప ఇంకేమీ లేదు. 2022 నాటి ఫారం సంగతి అప్పుడు ఎత్తాను. మూడుసార్లు పెట్టించినందుకు క్షమించమన్నాను. "మీరు అడగకపోతే ఇంకెవరైనా నా డబ్బు తీసుకుపోయేవారు కదా" అని, కాసేపాగి, "కుర్చీ ఇచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. తర్వాత తన డబ్బాలోంచి తన ఈగ ఒకటి తీసి కట్టుకుని మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి జానెడు చేప ఒకటి పడింది. దాని పక్కన గులాబీ రంగు చార చూపించి, నీటిలో ఉంచే గాలం విప్పి వదిలేశాడు. మా ఆవిడకు చెప్పడానికి నాకు అది పెద్ద ఊరట.

తిరుగు దారిలో ఎందుకు ఊడిందో వివరించాడు. అర ముడిలో దారాన్ని నొక్కి పట్టేది ఒకే ఒక చుట్టు. అది జారితే దాని వెనుకది, అదీ జారితే దాని వెనుకది. నేను రంగు కూడా పూయలేదు. అసలు ముడి వేరే ఉంది, దాన్ని విప్ ఫినిష్ అంటారు. అందులో దారం కొసను తల మీద పడుకోబెట్టి, దాని మీదుగా అదే దారాన్ని అయిదు చుట్లు చుట్టి, ఆఖరుకు కొసను లాగితే ఉచ్చు మొత్తం ఆ చుట్ల కిందికి దూరిపోతుంది. నా భాషలో చెప్పాలంటే, మొదటిది ఒక్క జామీనుదారుడితో ఇచ్చిన అప్పు. రెండోది అయిదుగురు వరసగా సంతకం పెట్టిన అప్పు.

పెద్దాయన దాన్ని వేళ్ళతోనే వేస్తాడు. చూపుడువేలు, నడిమివేలు ఉచ్చులోకి దూర్చి, విడదీసి, గాలం చుట్టూ చేతిని ఇటు బోర్లిస్తూ అటు వెల్లకిలా తిప్పుతూ అయిదు చుట్లు. చూడ్డానికి నాట్య ముద్రలా ఉంటుంది. నా మణికట్టు తిరగనిది సరిగ్గా ఆ రెండు వైపులకే! రెండో చుట్టుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అందుకని పనిముట్టు కొన్నాను. ఎంచుకోవడం తెలియక మొదట కొన్నది చవకరకం సెట్టులోది, థాంప్సన్ తరహా అంటారు. స్ప్రింగులా వంగే తీగ చేతులు రెండు, వెనుక పట్టుకోవడానికి కొస. దానంతట అది తిరిగే పిడి లేదు కాబట్టి తిరగాల్సింది మళ్ళీ మన చెయ్యే. అలవాటున్నవాళ్ళు దానితో చకచకా వేసేస్తారు. నాకు మాత్రం విరిగిన చేతికి తోడు ఇంకో తలనొప్పి అయింది. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కిటికీ తెర తగిలించడానికి.

రెండోది మాటరెల్లి తరహా. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఫ్రాంక్ మాటరెల్లి రూపొందించిన నమూనా అది. వంపు తిరిగిన తీగ, చివర చిన్న కొక్కెం, మధ్యలో మోచెయ్యిలాంటి గాడి. తీగ అడుగు భాగం ఒక గొట్టంలో వదులుగా తిరుగుతుంది. ఆ గొట్టమే పిడి. మనం పిడిని పట్టుకుని గాలం చుట్టూ చిన్న సున్నా చుడితే చాలు, తీగ దానంతట అదే తిరుగుతుంది. మణికట్టు మెలిపెట్టే పని లేదు. నాకు కావలసింది ఇదే. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి తెప్పించి పంపాడు.

వచ్చినరోజు దారం మూడుసార్లు తెగింది. పనిముట్టు మార్చేద్దామన్నాను. పెద్దాయన దాని కొక్కెంలోంచి మా ఆవిడ పట్టుచీర కొంగు పోగు ఒకటి లాగి చూశాడు. పోగు తట్టుకుంది. కొక్కెం లోపల కంటికి కనిపించని గరుకు ఉంది. నీళ్ళతో రుద్దే సన్న ఎమరీ కాగితాన్ని పురిలా చుట్టి, లోపల పది నిమిషాలు రుద్దాడు. పిడి బిగుసుకుపోయిందని కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాడు. అంతే, ఇప్పటికీ అదే వాడుతున్నాను. కాబట్టి కొనేవాళ్ళు చూడాల్సినవి ఈ రెండే. పట్టు పోగు ఎక్కడా తట్టుకోకూడదు. పిడిని పట్టుకుని తీగను వేలితో తడితే గిర్రున తిరగాలి. మెరుపు, రంగు, పెట్టె చూసి మోసపోకండి.

వాడటంలోనూ ఒక కిటుకుంది, అది ఎవరూ ముందు చెప్పరు. ఉచ్చు పన్నేటప్పుడు పిడిని పట్టుకోకూడదు. తీగనే పట్టుకోవాలి. లేకపోతే అది గిర్రున తిరిగి దారాన్ని వదిలేస్తుంది. ఎడమచేతిలో బాబిన్, కుడిచేతిలో పనిముట్టు. దారాన్ని కొక్కేనికి తగిలించి, గాడి చుట్టూ తిప్పి, బాబిన్‌ను గాలం కాడకు సమాంతరంగా పైకి తెస్తే దారం అంకెలు రాసే నాలుగులా కనిపిస్తుంది. ఆ నాలుగు కనిపించకపోతే ముందుకు పోవద్దు. కనిపించాక వేళ్ళను పిడి మీదికి మార్చి, కొక్కేన్ని తల దగ్గరే ఉంచి, కన్ను వెనుక అయిదు చుట్లు. తర్వాత పిడిని పైకి వంచితే గాడిలోంచి దారం జారుతుంది. ఇప్పుడు కొక్కెం ఒక్కటే పట్టుకుని ఉంటుంది. దాని బిగువు వదలకుండా బాబిన్‌ను మెల్లగా లాగితే ఉచ్చు మూసుకుంటూ వచ్చి, కొక్కెం తలను తాకాక తప్పుకుంటుంది. పైన గోళ్ళకు పూసే రంగులేని పాలిష్ సూది మొనతో ఒక చుక్క. చుక్క పెద్దదైతే కన్ను మూసుకుపోతుంది, అప్పుడు ఆ ఈగ ఎందుకూ పనికిరాదు.

ఇలా రాయడం సులువే. నాకు నెల పట్టింది. మా ఆవిడకు ఒక్క సాయంత్రం పట్టింది. సత్యమంగళం మల్లెలు ఊటీ బజారుకు వచ్చిన రోజు, ఆమె నా పక్కన కూర్చుని పూలు కడుతూ నా అవస్థ చూస్తోంది. చూసి చూసి, "ఇట్లివ్వండి" అని బాబిన్ లాక్కుంది. పూలకు వేసినట్టే వేలితో ఉచ్చు తిప్పి గాలం తల మీదికి వేసి లాగింది. అర ముడి! పెన్ను ముక్కా లేదు, ఇత్తడి కడ్డీ లేదు. నిమిషంలో పది వేసింది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజూ మూర పూలకు ఎన్ని అర ముడులు వేస్తారో నేనెన్నడూ లెక్క చూడలేదు. పెద్దాయనను పిలిచి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

కాని విప్ ఫినిష్ దగ్గర ఆమె కూడా ఆగింది. పూలదండకు ఆఖరున రెండు కొసలూ చేతిలో ఉంటాయి, ముడి వేసేస్తాం. కొసను తన చుట్ల కిందే దాచడమనేది పూలలో లేదు. అప్పుడు ఆమె పూల దారం తీసుకుని గాలానికి బదులు నా పెన్సిల్‌కు చుట్టి చూసింది. లావు దారం, లావు పెన్సిల్. కొస ఎక్కడ దూరుతోందో కంటికి కనిపించింది. ఆ రాత్రి నేనూ పెన్సిల్ మీదే పనిముట్టుతో ఇరవైసార్లు వేశాను. ఇరవై ఒకటోసారి మళ్ళీ గాలం మీద వేస్తే నిలిచింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు నేరుగా గాలంతో మొదలుపెట్టి నాలా నెల పోగొట్టుకోవద్దు.

ఆ వేసవికి మణికట్టు చాలావరకు తిరిగింది. కర్ర వ్యాయామం వల్లా, ఈగల వల్లా చెప్పలేను. తీర్థం పట్టుకోగలుగుతున్నాను. పాత సంతకం మాత్రం తిరిగి రాలేదు. చివర తోక లాగే చోట ఇంకా కొంచెం వంకర. 2024 జూన్‌లో నమూనా సంతకం కార్డు మార్చి కొత్తది ఇచ్చాను. మా గుమాస్తా నాచేత మూడుసార్లు పెట్టించాడు. నిబంధన అదే.

అదే వారం కౌంటరు ముందు ఒక కుర్చీ, చిన్న చెక్క బల్ల వేయించాను. పై ఆఫీసుకు రాసి అనుమతి తీసుకోవడానికి పట్టిన కాలం గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. పెద్దాయన పింఛను డబ్బుకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి, మణికట్టు కింద మందపాటి పాత లెడ్జరు పెట్టాం. మొదటిసారికే సంతకం సరిపోయింది. డబ్బు లెక్క పెట్టుకుని జేబులో పెట్టుకున్నాక, నేను ముందురోజు ఇచ్చిన ఈగను అగ్గిపెట్టెలోంచి బయటికి తీశాడు. బొటనవేలి గోరుతో తల దగ్గర గట్టిగా గీరాడు. రెండోసారి గీరాడు. ఊడలేదు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"చుట్లు ఆరున్నాయి. కన్ను మీదికి వచ్చేస్తోంది. ఒకటి తగ్గించండి" అన్నాడు.